బానెట్ గూట్లో అంజన్న

మా పనిలో అన్నిటికంటే పెద్ద పొగడ్త ఒకటుంది. కారు తీసుకెళ్లడానికి వచ్చిన మనిషి దాని చుట్టూ తిరిగి, చేత్తో నిమిరి చూసి, "ఇంతకీ దెబ్బ ఎక్కడ తగిలింది?" అని మనల్నే అడగాలి. డెంటింగ్, పెయింటింగ్ చేసేవాడికి అంతకు మించిన సన్మానం లేదు. రియాద్‌లో ఉన్నన్నాళ్లూ నేను ఆ మాట కోసమే పనిచేశాను. పాతదాన్ని కొత్తదిగా చేయాలి, వంకరదాన్ని సాపు చేయాలి, కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలా నిలబెట్టాలి. ఈ పనిలోకి కొత్తగా దిగుతున్న పిల్లలకు నేను చెప్పేదీ అదే. కానీ ఆ పిచ్చిలోనే ఒకసారి మా గ్యారేజీ మూతపడబోయింది. ఆ ముచ్చట కూడా చెప్పకపోతే నేను చెప్పింది సగమే అవుతుంది.

మా గ్యారేజీ సనాయాలో ఉండేది. సనాయా అంటే ఊరి అంచున అన్నీ గ్యారేజీలే ఉండే పేట. కింద పని, పైన మా గది. గదిలో నేనూ, ఎలక్ట్రీషియన్‌గా చేసే సిరిసిల్ల అన్నా ఉండేవాళ్లం. నాది జగిత్యాల పక్క పల్లె. ఆయన నాకంటే పెద్దవాడు, నెమ్మదస్తుడు, దేవుడికి చెప్పకుండా టీ కూడా తాగడు. కింద మాకందరికీ మేస్త్రీ ఒక పాకిస్తానీ, అందరం ఉస్తాద్ అనేవాళ్లం. మంచి పనివాడు. తప్పు చేసినా ధైర్యంగా చేసేవాడు. ఇక గ్యారేజీ యజమాని మా కఫీల్. మా వీసాలు, ఇఖామాలు, అంటే అక్కడ ఉండటానికిచ్చే కార్డులు, అన్నీ ఆయన పేరు మీదే. ఆయన ఊపిరి తీసుకుంటేనే మేం ఆ దేశంలో ఉన్నట్టు. మేం ఆయన్ను బాబా అనేవాళ్లం. మాట తక్కువ, నవ్వు ఇంకా తక్కువ. నమాజ్ పిలుపు వినపడగానే షట్టర్ దించాల్సిందే, సగం విప్పిన చక్రం సగంలోనే ఉండాలి.

ఆయన దగ్గర ఒక పాత అమెరికన్ కారు ఉండేది. రెండే తలుపులు, పొడుగాటి ముక్కు, కూర్చుంటే నేలకు తగిలేటంత కిందికి ఉంటుంది. వాళ్ల నాన్నకు స్నేహితుడైన ఒక అమెరికన్ ఇంజినీరు ఓడలో వేసుకుని తెచ్చుకున్నాడట. తిరిగి వెళ్లిపోతూ పెద్దాయనకు ఇచ్చేశాడు. మా కఫీల్ స్టీరింగ్ పట్టడం నేర్చుకున్నది ఆ కారు మీదే. పెద్దాయన పోయాక అది గ్యారేజీ మూలన దుమ్ము కప్పుకుని పడి ఉండేది. స్టార్ట్ చేస్తే మాత్రం రేకుల కప్పు గడగడలాడేది. పక్క గ్యారేజీ బంగ్లాదేశీలు బయటికి వచ్చి చూసేవాళ్లు.

గల్ఫ్ యుద్ధానికి ముందు ఏడాది కఫీల్‌కు దాని మీద మనసు పుట్టింది. నాన్న గుర్తు కదా, వకాలా నుంచి దిగినట్టు చేసి పెట్టమన్నాడు. వకాలా అంటే అక్కడ కంపెనీ డీలరు షోరూము. దానికి ఎదురు మాట తిజారీ, బయట బజారు సరుకు. ఉస్తాద్‌కు ప్రపంచంలో ఉన్నవి ఈ రెండు జాతులే. ఏ స్పేర్ పార్టు చేతికిచ్చినా తిప్పి చూసి, "వకాలా" అంటే కళ్లకద్దుకునేవాడు, "తిజారీ" అంటే విసిరేసేవాడు.

ఆయన ఆ కారు చుట్టూ తిరిగి బానెట్ ఎత్తాడు, దించాడు, మళ్లీ ఎత్తాడు. ఆ మోడల్ కారుకు కంపెనీ పెట్టే ఇంజన్ అది కాదట. ఇంకో పెద్ద బండిది తెచ్చి ఇందులో కుక్కారట. బానెట్ అయితే మరీ అన్యాయం. ఇనుపది కాదు, ఫైబర్‌ది. నడి మధ్యలో గాలి పీల్చడానికి ఒంటె మూపురంలా లేచి ఉంటుంది. ముందు రెండు మూలలా పిన్నులు. కారు పైకప్పు మీదుగా వెనకదాకా నల్ల రంగు పట్టీలు.

"యే సబ్ తిజారీ హై," అని తీర్పు చెప్పాడు ఉస్తాద్. "కిసీ పాగల్ నే కియా. నికాల్ దో."

ఎవడో పిచ్చివాడు చేసిన పని, పీకి పారేయమని అర్థం. నాకూ అదే అనిపించింది. కఫీల్‌కూ అదే చెప్పాం. ఆయన తల ఊపాడు. పాత కార్ల తుక్కు అమ్మే తష్లీలో వెతికి అదే మోడల్‌కు కంపెనీవాడి సాదా బానెట్ తెచ్చాం. నేను పట్టీల మీదుగా ఒకే రంగు కొట్టాను. అద్దంలో ముఖం చూసుకోవచ్చు, అంత బాగా కొట్టాను. గర్వంగా చెబుతున్నాను, పట్టీ ఎక్కడుందో నాకే కనిపించలేదు. ఇక మిగిలింది ఇంజన్. దానికి సరైన చిన్న ఇంజన్ జెద్దాలో ఉందని తెలిసి, తెప్పించే ఏర్పాట్లలో ఉండగా యుద్ధం మొదలయ్యేలా ఉందన్నారు. జెద్దా లారీ రాలేదు. పెద్ద ఇంజన్ ఉన్నచోటే ఉండిపోయింది. ఎవరి దేవుడి దయో తెలియదు కానీ, ఆ లారీ రాకపోవడం వల్ల తర్వాత నేను చాలా ఏళ్లు అక్కడ అన్నం తిన్నాను.

ఊడదీసిన మీటర్లూ, పేరుపలకలూ, మిగతా సామానంతా తష్లీవాడికి ఇచ్చేయమన్నాడు ఉస్తాద్. వాడు వచ్చి ఇనుమంతా తూకం వేసుకుని పోయాడు. ఫైబర్ బానెట్ వంక చూసి మొహం తిప్పుకున్నాడు. తూకానికి పనికిరాదు కదా. అది గోడకు ఆనుకుని అలాగే ఉంది. ఉస్తాద్ మాత్రం అది కూడా పోయిందనే అనుకున్నాడు.

అప్పుడే టీవీలో చెప్పారు, విషవాయువు బాంబులు పడొచ్చు, ఇంట్లో ఒక గది చూసుకుని సందు లేకుండా ప్లాస్టిక్‌తో, టేపుతో మూసుకోండని. మా గదికి వెనక గోడవైపు పెద్ద కిటికీ ఒకటుంది. దాని అద్దం ఎప్పుడో పగిలింది. అట్టముక్క అడ్డం పెట్టి కాలం వెళ్లదీస్తున్నాం. అట్టముక్కతో బాంబును ఆపడం కష్టమని మా ఇద్దరికీ తోచింది. సిరిసిల్ల అన్న కిందికి పోయి అటూ ఇటూ చూసి వచ్చాడు.

"తమ్మీ, ఆ మూపురం బానెట్ సరిగ్గ సరిపోతది. పట్టు, పైకి తీస్కపోదాం."

"ఉస్తాద్ ఏమన్న అంటడేమోనే అన్నా."

"తుక్కోడే వద్దని పోయిండు. ఉస్తాద్ ఏమంటడు?"

ఇద్దరం మోసుకొచ్చి కిటికీకి బిగించాం. గోడకు మేకులు కొట్టి, పిన్నుల కోసం ముందే ఉన్న రంధ్రాల్లోంచి తీగ దూర్చి కట్టాం. కొత్త చిల్లు ఒక్కటి కూడా పెట్టలేదు. తెలివి వల్ల కాదు, ఆ రోజు డ్రిల్లు మిషన్ చెడిపోయి ఉంది. చుట్టూ టేపు వేశాక గది డబ్బాలా తయారైంది. సైరన్ మోగినప్పుడల్లా అందులో కూర్చుని ఒకరి చెమట ఒకరం పీల్చేవాళ్లం. నాకు చాలా భయం వేసేది.

ఆ బానెట్ మూపురం బయటికి పొంగి ఉంది కదా, అంటే లోపలివైపు ఒక గుంట. సరిగ్గా గోడలో గూడులా. సిరిసిల్ల అన్న దాని వైపే చూస్తూ కూర్చునేవాడు. ఒకరోజు అన్నాడు, "మన ఊర్ల గోడకు దీపంగూడు ఉంటది సూడు, అచ్చం గట్లనే ఉన్నది. ఊకనే ఎందుకు ఉంచాలె?"

ఆయన పెట్టె అడుగున బట్టల మడతల్లో కొండగట్టు అంజన్న క్యాలెండర్ బొమ్మ ఉంది. ఆ దేశంలో అలాంటిది దగ్గర ఉంచుకోవడం ఎంత ప్రమాదమో మాకు తెలుసు. పక్క పేటలో ఒకతని పెట్టెలో విగ్రహం దొరికితే ఖురూజ్ కొట్టి, అంటే వీసా రద్దు చేసి, ఇంటికి పంపేశారని చెప్పుకునేవాళ్లు. నిజమో కాదో మాకు తెలియదు. కానీ బాంబుల కింద కూర్చున్నవాడికి ఆ లెక్కలు గుర్తుంటాయా? గూటి లోపలివైపు ఏవో ఇంగ్లీషు అక్షరాలున్న చదును చోటు కనిపిస్తే, దాని మీదే బొమ్మ పెట్టాం. అంటించింది నేను. గోధుమపిండి జిగురుతో కాదు, కారు అద్దాలు అతికే బంక పెట్టి అంటించాను. పెయింటర్ బుద్ధి మరి, చేస్తే గట్టిగా చేయాలి. ఆ తర్వాత సైరన్ మోగితే సిరిసిల్ల అన్న అగరుబత్తి వెలిగించేవాడు. బయట విషవాయువు ఉందో లేదో కానీ లోపల మాత్రం పొగతో దగ్గి చచ్చేవాళ్లం. అయినా నాకు భయం కొంచెం తగ్గింది, అది నిజం.

యుద్ధం ఆగింది. ప్రాణాలతో ఉన్నాం. టేపులు ఊడదీశాం కానీ బానెట్‌ను తీయలేదు. ఎండ ఆగుతోంది, దుమ్ము ఆగుతోంది, గూట్లో అంజన్న ఉన్నాడు. ఎందుకు తీయాలి?

కింద మాత్రం రోజులు బాగాలేవు. వచ్చే గిరాకీ రావడం మానేసింది. కఫీల్‌తో పొత్తు పెట్టుకున్నాయన తన వాటా తీసుకుని తప్పుకున్నాడు. ఒకరోజు కఫీల్ అందరినీ పిలిచి, అమెరికన్ కారు అమ్మేస్తున్నానని, అది అమ్ముడుపోతే గ్యారేజీ నడుస్తుందని, లేకపోతే మూసేసి అందరికీ ఖురూజ్ ఇస్తానని చెప్పాడు. ఆ మాట చెబుతూ ఆయన మా ముఖాల వైపు చూడలేదు, కారు వైపు చూశాడు. నాన్న కారు కదా. నాకు ఆయన మీద జాలి వేసింది. మా మీద అంతకంటే ఎక్కువ వేసింది.

కొన్నాళ్లకు ఒక అమెరికన్ వచ్చాడు. సైన్యం బండ్లు బాగుచేసే కాంట్రాక్టులో పనిచేస్తాడట, పాత కార్లంటే ప్రాణమట. కారు చూసి ముందు పెదవి విరిచాడు. నా పెయింటు వైపు చూడనే లేదు. నాకు కొంచెం కోపం వచ్చింది. బానెట్ ఎత్తగానే మాత్రం మనిషి మారిపోయాడు. వంగి ఇంజన్ కిందికీ పైకీ టార్చి వేసి చూశాడు. లేచి కఫీల్‌తో గబగబా మాట్లాడటం మొదలుపెట్టాడు. కఫీల్ ముఖంలో రంగులు మారుతున్నాయి. ఉస్తాద్ మధ్యమధ్యలో మాకు చెబుతూ ఉన్నాడు. చెబుతున్నకొద్దీ ఆయన గొంతు చిన్నబోతోంది.

సంగతేమిటంటే, ఆ రోజుల్లో అమెరికాలో కొందరు డీలర్లు ఉండేవారట. కంపెనీ నుంచి మామూలు కారు తెప్పించుకుని, తమ షెడ్డులోనే దాని చిన్న ఇంజన్ తీసేసి పెద్దది ఎక్కించి, తమ సొంత బానెట్, తమ సొంత పట్టీలు పెట్టి, షోరూములో పెట్టి అమ్మేవారట. పందేల పిచ్చి ఉన్న కుర్రాళ్లు ఎగబడి కొనేవాళ్లట. చేసినవే కొన్ని. అందులో కొన్ని చెట్లకు గుద్దుకున్నాయి, కొన్ని తుక్కుకు పోయాయి. మిగిలినవాటి కోసం ఇప్పుడు జనం దేశాలు పట్టుకుని తిరుగుతున్నారు. కంపెనీ చేసినట్టు ఉన్న కారు ఎక్కడైనా దొరుకుతుంది. దాని విలువంతా ఆ డీలరు చేసిన మార్పుల్లోనే ఉంది.

అంటే ఉస్తాద్ పిచ్చివాడి పని అన్నది, వకాలావాడే తన చేత్తో చేసిన పని. మేం దాన్ని వకాలా నుంచి దిగినట్టు చేయబోయి, వకాలావాడి చేతిపనినంతా చెరిపేశాం. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందని సామెత. ఆ సమయంలో నా మనసులోకి కోతి అన్న మాట రాగానే పైన గూట్లో ఉన్న స్వామి గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాను.

అమెరికన్ ఆఖరికి తేల్చేశాడు. ఇంజన్ ఎవడైనా ఎక్కించగలడు, దాన్ని చూసి నమ్మలేను. మీటర్లూ పేరుపలకలూ పోతే పోయాయి, వేరే చోట వెతుక్కుంటాను. కానీ ఆ డీలరు బానెట్‌కు లోపలివైపు వాళ్ల అచ్చు ఉంటుంది. అది ఉంటే కారు తీసుకుంటాను. లేకపోతే ఇది పెద్ద ఇంజన్ ఉన్న పాత కారు, అంతే. రేపు తెల్లవారితే ఈ దేశం నుంచి వెళ్లిపోతున్నాను.

కఫీల్ ఉస్తాద్ వైపు తిరిగాడు. "బానెట్ ఎక్కడ?"

"తష్లీకి పోయింది బాబా," అన్నాడు ఉస్తాద్. అబద్ధం కాదు, ఆయన నిజంగా అలాగే అనుకుంటున్నాడు. కఫీల్ ఖాళీ టైరు మీద కూర్చుండిపోయాడు. ఆయన అలా కూర్చోవడం నేను అంతకు ముందు చూడలేదు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. సిరిసిల్ల అన్న నన్ను కంప్రెసర్ వెనక్కి లాగాడు.

"ఏం జేద్దాం తమ్మీ?"

"చెప్పాలె గదనే. చెప్పకుంటె గ్యారేజి పాయె, మనం ఇంటికి పోవుడే."

"చెప్తె సూస్తందుకు పైకొస్తరు. స్వామిని సూస్తరు. అప్పుడైతే ఇంటికి గూడ సక్కగ పోం."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అచ్చు కావాలంటే బొమ్మ తీయాలి, బొమ్మ తీయాలంటే సమయం కావాలి. ముందు నేను పైకి పోయి బొమ్మ ఊడదీస్తే, ఆ తర్వాత దొరికిందని చెబుదామని అనుకున్నాం. గబగబా మెట్లెక్కి గోరు పెట్టి అంచు గీకాను. నా బంక నన్నే వెక్కిరించింది. గట్టిగా లాగితే స్వామి చిరుగుతాడు, వెనక అచ్చు లేచిపోతుంది. థిన్నర్ పోస్తే రెండూ పోతాయి. చెమట కారిపోతోంది. వెనక అడుగుల చప్పుడు వినిపించింది. సిరిసిల్ల అన్నే అనుకుని, "అన్నా, జల్ది దారం తే," అన్నాను.

తిరిగి చూస్తే గుమ్మంలో కఫీల్.

మేం గుసగుసలాడటం, నేను పరుగెత్తడం ఆయన చూసినట్టున్నాడు. ఆయన కళ్లు ముందు బానెట్ మీద పడ్డాయి. ఒక్క క్షణం ముఖం వెలిగింది. తర్వాత చూపు గూట్లోకి పోయింది. అంజన్న, ఆయన ముందు అగరుబత్తి బూడిద, నా ఇంటి నుంచి వచ్చిన ఎండిన బంతిరేకలు. మా అమ్మకు ఏం చెప్పాలి, అప్పుడే పుట్టిన నా బిడ్డను చూసేది జైలు నుంచి వెళ్లాకేనా, ఇవన్నీ ఒకేసారి తలలో తిరిగాయి. ఆయన వెనక మెట్ల మీద సిరిసిల్ల అన్న చేతులు కట్టుకుని నిలబడిపోయాడు.

కఫీల్ చాలాసేపు చూశాడు. కిందనుంచి అమెరికన్ ఏదో కేక వేశాడు. మెట్ల మీద బూట్ల చప్పుడు మొదలైంది. ఉస్తాద్ కూడా వస్తున్నాడు. అప్పుడు కఫీల్ గబుక్కున వెనక్కి తిరిగి, తలుపు తన వైపు లాగి పట్టుకుని, సందులోంచి మెల్లగా మాకు అర్థమయ్యే ముక్కల అరబ్బీలో అన్నాడు.

"మీది మీరు తీసుకోండి. నాది కిందికి తెండి. తొందరలేదు."

తలుపు మూసుకుంది. బయట ఆయన గొంతు వినిపించింది. ముందు టీ తాగాలి, మా ఇంటికొచ్చిన అతిథి టీ తాగకుండా బేరం చేయడం మా నాన్నకు నచ్చదు, పదండి పదండి. ఆ మనిషి అన్నన్ని మాటలు ఒకేసారి ఆడటం అదే మొదటిసారి. బూట్ల చప్పుడు వెనక్కి దిగిపోయింది.

సిరిసిల్ల అన్న లోపలికి వచ్చి గోడకు ఆనుకుని ఏడ్చాడు. నాకూ ఏడుపు వచ్చింది, కానీ చేతులకు పని ఉంది. కార్లకు అంటించిన పేరుపలకలు రంగు చెదరకుండా తీయడానికి మాకొక ఉపాయం ఉంది. వేడినీటి గుడ్డతో కాసేపు కాచి, వెనకనుంచి నైలాన్ దారం దూర్చి, రంపంలా అటూ ఇటూ మెల్లగా లాగాలి. నా జీవితంలో అంత నెమ్మదిగా నేను ఏ పనీ చేయలేదు. మూలలు ఒక్కొక్కటే వదిలాయి. అంజన్న చిన్న చిరుగు కూడా లేకుండా నా అరచేతుల్లోకి వచ్చాడు. ఆయన వెనక, ఇంగ్లీషు అక్షరాల్లో డీలరు పేరు, ఊరు. చుట్టూ అగరుబత్తి మసి పట్టి నల్లబడింది కానీ, బొమ్మ ఉన్నంత మేరా కొత్తదానిలా ఉంది.

తీగలు విప్పి బానెట్ కిందికి దించాం. అమెరికన్ మోకాళ్ల మీద కూర్చుని అచ్చు మీద వేలు పెట్టి చదువుకున్నాడు. చిన్నపిల్లాడిలా నవ్వాడు. లేచి వచ్చి మసి అంటిన నా చెయ్యి పట్టుకుని ఊపాడు. తర్వాత నల్లటి మసి మధ్యలో ఉన్న ఆ తెల్లటి చతురస్రం చూపించి ఇక్కడేముండేదని అడిగాడు. ఉస్తాద్ కూడా అటే చూస్తున్నాడు.

"క్యాలెండర్," అన్నాడు కఫీల్ నాకంటే ముందు. "మా పనివాళ్లు క్యాలెండర్ పెట్టుకున్నారు."

అబద్ధం కూడా కాదు కదా! అమెరికన్ బేరం కుదుర్చుకుని, కారు ఓడ ఎక్కించే ఏర్పాట్లు కఫీల్‌కే అప్పగించి వెళ్లాడు. బయలుదేరే ముందు ఒక కోరిక కోరాడు. నా పెయింటు గీకి, కింద ఉన్న పట్టీలు తేల్చమన్నాడు. నేను అంత మురిసిపోయి కొట్టిన రంగును నేనే ఎమరీ పేపర్ పట్టుకుని గీకాను. పట్టీ అంచు బయటపడుతుంటే నాకు నవ్వొచ్చింది. పోనీ, దెబ్బ ఎక్కడ తగిలిందని అడగకపోతే అడగకపోయాడు, గ్యారేజీ నిలబడింది. ఉస్తాద్ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే బిర్యానీ తెచ్చి పెట్టాడు. ఆ తర్వాత ఎప్పుడూ పార్టు చేతికిస్తే తిజారీ అని వెంటనే విసిరేయలేదు. కాసేపు పట్టుకుని చూసేవాడు.

మా గదికి మాత్రం కిటికీ మళ్లీ బోసిపోయింది. అంజన్న బట్టల మడతల్లోకి వెళ్లిపోయాడు. సిరిసిల్ల అన్న, "పానాలు దక్కినయ్, గిదే సాలు," అన్నాడు. నేనూ అదే అనుకున్నాను.

ఆ వారంలోనే ఒక సాయంత్రం కఫీల్ తన పికప్ తెచ్చి గ్యారేజీ ముందు ఆపాడు. బండి వెనక మా గది కిటికీకి సరిపడే కొత్త అద్దం ఉంది. దాని పక్కన వాళ్ల ఇంటి నుంచి తెచ్చిన పాత చెక్క అల్మారా ఒకటి, గోడకు తగిలించేది, చిన్నది. మేమిద్దరం దించుతుంటే ఆయన దగ్గరికి వచ్చి, దాని తలుపు ఒకసారి తెరిచి, మళ్లీ మూసి చూపించాడు. మా ముఖాల వైపు చూడలేదు.

"దీనికి తలుపు ఉంది," అన్నాడు. "వేసి ఉంచుకోండి."